సర్వైకల్ క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయిపోయి నాలుగు నెలలు, మిగిలిన ఈ ఇబ్బందులు ఎవరికి చెప్పుకోవాలి?

నిద్రపట్టని_రాత్రి

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాసే ధైర్యం చేయలేదు. ఇప్పుడు కూడా సగం రాసి రెండుసార్లు చెరిపేశాను. కొన్ని విషయాలు మొహమాటం లేకుండా రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

నా వయసు 39. సర్వైకల్, అంటే గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్, స్టేజ్ 2బీ (ముఖద్వారం దాటి పక్క కణజాలంలోకి పాకింది). ఆపరేషన్ చేయలేదు. 25 రోజులు బయటి నుంచి రేడియేషన్, దాంతోపాటే వారానికోసారి చొప్పున ఐదు సార్లు సిస్‌ప్లాటిన్ కీమో, ఆ తర్వాత లోపలి రేడియేషన్ (బ్రాకీథెరపీ) నాలుగు సార్లు ఇచ్చారు. అన్నీ అయిపోయి నాలుగు నెలలు దాటింది. మొన్న స్కాన్ తీస్తే గడ్డ ఏమీ కనిపించలేదన్నారు. డాక్టర్ గారు రిపోర్టు చూసి "చాలా బాగుంది అమ్మా, మూడు నెలల తర్వాత రండి" అన్నారు. ఎలా ఉన్నారని కూడా అడిగారు, నేనే "బాగున్నాను" అని తలూపి వచ్చేశాను. ఆయన అంత సంతోషంగా చెబుతుంటే మోషన్స్ గురించి, కింద నొప్పి గురించి ఎత్తడం ఏదో కృతఘ్నతలా అనిపించింది. పైగా గదిలో మా ఆయన, మా మరిది, ఇంకో జూనియర్ డాక్టర్ కూడా ఉన్నారు.

ఇంటికొచ్చాక మాత్రం ఇదీ పరిస్థితి. రోజుకు ఆరేడు సార్లు బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తోంది. తిన్న పావుగంటకే కడుపులో మెలిపెట్టినట్టు అయ్యి ఆపుకోలేకపోతున్నాను, రెండుసార్లు దారిలోనే అయిపోయింది కూడా. దాంతో బయటికి వెళ్లాల్సిన రోజు అసలు తినడం మానేశాను. రాత్రుళ్లు ఒంట్లోంచి ఒక్కసారిగా ఆవిర్లు వచ్చి జాకెట్ తడిసిపోతుంది, లేచి ఫ్యాన్ కింద నిలబడితే మళ్లీ చలి. రేడియేషన్ మొదలైన రెండో నెల నుంచే నెలసరి లేదు. అరికాళ్లలో తిమ్మిరి ఉంది, అది ట్రీట్‌మెంట్ అప్పటికంటే ఇప్పుడే ఎక్కువైంది, ఇదేంటో అర్థం కావడం లేదు.

ఇంకొకటి. డిశ్చార్జ్ రోజు నర్సమ్మ ఒక చిన్న జిప్ సంచి చేతిలో పెట్టి "ఇవి వాడాలమ్మా, లేకపోతే లోపల అతుక్కుపోతుంది" అని చెప్పి హడావిడిగా వెళ్లిపోయింది. లోపల నాలుగు సైజుల్లో నున్నటి ప్లాస్టిక్ డైలేటర్లు, అంటే యోని మూసుకుపోకుండా లోపల పెట్టుకునే కడ్డీలు. అన్నిటికంటే చిన్నది నా చూపుడు వేలంత ఉంది, పెద్దది చూసి మాత్రం జిప్ వేసేశాను. అప్పటి నుంచి అది బీరువాలో చలికాలం దుప్పట్ల వెనకే ఉంది. దాన్ని తలుచుకుంటేనే బ్రాకీథెరపీ టేబుల్ గుర్తొచ్చి ఒళ్లు బిగుసుకుపోతుంది. మా ఆయన మంచివాడే, కానీ నాలుగు నెలలుగా మంచానికి ఆ చివర పడుకుంటాడు. అడగలేదు, చెప్పలేదు.

అడగాలనుకున్నది ఒకటే. ఇవన్నీ వాటంతటవే తగ్గుతాయా, లేక నేను ఏమైనా చేయాలా? డైలేటర్ నిజంగా అంత అవసరమా? ప్రాణం దక్కింది చాలు అని ఊరుకోవాలా?


ఆరేళ్ల_కిందటి_పేషెంట్

చెల్లీ, ముందు నీ ఆఖరి ప్రశ్నకే జవాబు చెబుతాను. ఊరుకోకూడదు. నేనూ అదే తప్పు చేశాను, దాదాపు ఏడాది పాటు. నాకూ నీలాగే రేడియేషన్, కీమో, లోపలి రేడియేషన్. స్కాన్ బాగుందంటే ఇక ఏమీ అడగకూడదేమో అనుకున్నాను. డాక్టర్లు చూసేది జబ్బు తిరిగొచ్చిందా లేదా అని, అది వాళ్ల మొదటి బాధ్యత, తప్పు పట్టను. కానీ మనం రోజుకు ఎన్నిసార్లు బాత్రూమ్‌కి పరిగెడుతున్నామో స్కాన్‌లో కనపడదు కదా, మన నోటితో చెబితేనే తెలుస్తుంది. అది కూడా "కొంచెం మోషన్స్ అవుతున్నాయండీ" అంటే వాళ్లు "అవుతాయమ్మా, తగ్గుతాయి" అంటారు. "నాలుగు నెలల తర్వాత కూడా రోజుకు ఏడుసార్లు, రెండుసార్లు బట్టల్లోనే అయిపోయింది, అందుకే తిండి మానేస్తున్నాను" అని చెప్పి చూడు, పెన్ను కింద పెట్టి నీ వైపు తిరుగుతారు.

మోషన్స్ సంగతి వివరంగా రాస్తాను, ఎందుకంటే నన్ను ఎక్కువ ఏడిపించింది అదే. రేడియేషన్ జరుగుతున్నప్పుడు వచ్చే విరేచనాలు వేరు, అవి చాలామందికి అయిపోయిన కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. మూడు నెలలు దాటాక కూడా ఉన్నాయంటే, పేగు దెబ్బతిని ఇంకా సరిగ్గా పనిచేయడం లేదని అర్థం, అప్పుడు కారణం వెతకాలి. నాకు వెతికితే తేలిందేమిటంటే, చిన్నపేగు చివరి భాగం పొత్తికడుపులో కిందుగా ఉంటుంది, రేడియేషన్ దాని మీద కూడా పడుతుంది. మామూలుగా పైత్యరసంలోని ఆమ్లాలను అక్కడే ఒళ్లు మళ్లీ పీల్చుకుంటుంది. ఆ భాగం దెబ్బతింటే అవి పెద్దపేగులోకి జారిపోయి అక్కడ నీళ్లు లాగేస్తాయి, అందుకే నీళ్లలా, పసుపు పచ్చగా, ఆపుకోలేనంత తొందరగా వస్తాయి. దీనికి మామూలు విరేచనాల మాత్రతో పూర్తిగా కుదరదు. కొలెస్టిరమైన్ అని ఒక పొడి ఇచ్చారు, నీళ్లలో కలుపుకుని తాగాలి. రుచి ఇసుక తాగినట్టే ఉంటుంది కానీ రెండో వారానికే నేను ఇంట్లోంచి భయం లేకుండా బయటికి వెళ్లాను. ఒక్క జాగ్రత్త, వేరే మందులు ఏవైనా దానికి గంట ముందు గానీ, తాగిన నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత గానీ వేసుకోవాలి, లేకపోతే ఆ పొడి వాటిని కూడా పట్టేసుకుంటుంది.

నీకూ అదే కారణమని నేను చెప్పలేను. కొంతమందికి చిన్నపేగులో బ్యాక్టీరియా ఎక్కువై వస్తుంది, దానికి యాంటీబయాటిక్ కోర్సు ఇస్తారు. కొంతమందికి పాలు పడకుండా పోతాయి. అందుకే క్యాన్సర్ డాక్టర్‌ని అడిగి గ్యాస్ట్రో డాక్టర్‌కి రాయించుకో. ఈలోపు లోపెరమైడ్ (విరేచనాలు ఆపే మాత్ర) వాడవచ్చా అని అడుగు, దాన్ని మోషన్ అయ్యాక కాకుండా తినడానికి అరగంట ముందు వేసుకోమని నాకు చెప్పారు, తేడా చాలా కనిపించింది. తిండి మానేయడం మాత్రం వద్దు. నేనూ మానేసి ఎనిమిది కేజీలు తగ్గాను, తర్వాత అది జబ్బు తిరిగొచ్చినందుకేమోనని అందరికీ టెన్షన్. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తిను, పీచు, నూనె, కారం కొన్నాళ్లు తగ్గించి చూడు, ఒక నోటు పుస్తకంలో తిన్న టైమ్, వెళ్లిన టైమ్ రాసుకో. నేను రెండు వారాలు రాసిన ఆ పుస్తకమే డాక్టర్‌కి ఇచ్చాను. నేను నోటితో చెప్పలేకపోయినవన్నీ అందులోనే ఉన్నాయి.

ఇక డైలేటర్. నేను ఐదు నెలలు ఆలస్యంగా మొదలుపెట్టాను, అది నువ్వు చేయకు. రేడియేషన్ తర్వాత యోని గోడలు పలచబడి, ఎండిపోయి, ఎదురెదురుగా ఉన్నవి ఒకదానికొకటి అతుక్కునే ప్రమాదం ఉంటుంది, మెల్లగా పొట్టిగా, ఇరుకుగా అయిపోతుంది. మామూలుగా ట్రీట్‌మెంట్ అయిన రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య, లోపలి మంట తగ్గాక మొదలుపెట్టమంటారు. ఇది భర్త కోసం, కాపురం కోసం అని చాలామంది అనుకుని పక్కన పెట్టేస్తారు. అందుకోసమే కాదు. లోపల దారి మూసుకుపోతే ప్రతి చెకప్‌లో డాక్టర్ ఆ చోటుని కళ్లతో చూసి, వేలితో పరీక్ష చేయడం కుదరదు. జబ్బు తిరిగొస్తే మొదట కనిపెట్టాల్సిన చోటు అదే కదా. నాకు ఈ మాట చెప్పాకే జిప్ తీశాను.

నేను ఎలా చేశానో చెబుతాను. స్నానం అయ్యాక, తలుపు గడియ పెట్టుకుని, మంచం మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పక్కలకు వదిలేసేదాన్ని. అన్నిటికంటే చిన్నది తీసుకుని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచేదాన్ని, చల్లగా తగిలితే ఒళ్లు వెంటనే బిగుసుకుంటుంది. నీటితో చేసిన జెల్ ధారాళంగా రాయాలి, డైలేటర్‌కీ, నీకూ. మొదటి మూడు రోజులు లోపలికి పెట్టనే లేదు, ఊరికే ద్వారం దగ్గర ఆనించి ఊపిరి మెల్లగా వదలడం, అంతే. నాలుగో రోజు ఊపిరి వదులుతున్నప్పుడు కొంచెం లోపలికి వెళ్లింది. నాకు వాసన వచ్చినట్టు అనిపించింది, ఆ బ్రాకీ గదిలో మందు వాసన, నిజంగా లేదు కానీ వచ్చింది. ఏడ్చాను. తీసేసి మర్నాడు మళ్లీ చేశాను. ఐదు నుంచి పది నిమిషాలు, వారానికి రెండు మూడు సార్లు. మెల్లగా ముందుకు వెనక్కి, అటూ ఇటూ కదపాలి. తీశాక గులాబీ రంగు చార కనిపిస్తే భయపడకు, కొద్దిగా రక్తం అంటుకోవడం మామూలే. ధారగా వచ్చినా, తర్వాత కూడా ఆగకపోయినా డాక్టర్‌కి ఫోన్ చేయాలి. సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి పెట్టుకో.

నాలుగు నెలలు గడిచింది కాబట్టి నువ్వు సొంతంగా మొదలుపెట్టే ముందు ఒకసారి పరీక్ష చేయించుకో. ఇప్పటికే ఏమైనా అతుక్కుని ఉంటే బలవంతం చేస్తే గాయమవుతుంది. అయినా ఆలస్యమైపోయిందని అనుకోకు, నేను ఇంకా ఆలస్యమే.


రేడియేషన్_వార్డు_నర్సు

పైన అక్క రాసింది చదివి సిగ్గుపడ్డాను, ఎందుకంటే ఆ జిప్ సంచి చేతిలో పెట్టి వెళ్లిపోయిన నర్సుల్లో నేనూ ఒకదాన్ని. పదిమంది బయట కూర్చుని ఉంటారు, ఆ విషయం మాట్లాడటానికి ఒక గది కూడా ఉండదు. ఇప్పుడు నేను ఎంత రద్దీ ఉన్నా వాళ్లను పక్కకు తీసుకెళ్లి పది నిమిషాలు కూర్చుంటున్నాను. మీరు చేయాల్సింది, చెకప్‌కి వెళ్లినప్పుడు "నర్సుతో ఒంటరిగా మాట్లాడాలి" అని అడగండి. మగవాళ్లను బయట కూర్చోమనడంలో తప్పేమీ లేదు.

ఎవరూ రాయలేదు కాబట్టి ఆవిర్ల గురించి రాస్తాను. మీది మామూలు ముట్లుడగడం కాదమ్మా. అండాశయాలు రేడియేషన్‌ని అసలు తట్టుకోలేవు, అందుకే 39కే ఆగిపోయింది. దీన్ని ఆవిర్ల ఇబ్బందిగా మాత్రమే చూడకూడదు, ఈ వయసులో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ పోతే ఎముకలు గుల్లబారతాయి, గుండెకీ మంచిది కాదు. అందుకే చిన్న వయసు వాళ్లకి వేరే అడ్డంకి లేకపోతే సహజంగా ఆగే వయసు, అంటే సుమారు 50 వచ్చేదాకా హార్మోన్ మందులు ఇవ్వడం మంచిదని చెబుతారు. "క్యాన్సర్ వచ్చిన దానికి హార్మోన్లా" అని ఇంట్లో వాళ్లు భయపెడతారు, నేను చాలాసార్లు విన్నాను. సర్వైకల్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం స్క్వామస్ (పైపొర కణాల్లో పుట్టే) రకం, అది హార్మోన్ల మీద ఆధారపడి పెరిగేది కాదు. అడినోకార్సినోమా (గ్రంథి కణాల్లో పుట్టే రకం) అయితే డాక్టర్ ఇంకొంచెం ఆలోచించి నిర్ణయిస్తారు. అందుకని బయాప్సీ రిపోర్టులో మీది ఏ రకమో చూసుకుని వెళ్లండి. మీకు గర్భసంచి తీయలేదు కాబట్టి ఈస్ట్రోజన్ ఒక్కటే కాకుండా ప్రొజెస్టిరాన్ కూడా కలిపి ఇవ్వాలి. రేడియేషన్ తర్వాత కూడా గర్భసంచి లోపలి పొర కొంత బతికే ఉండవచ్చు, ఈస్ట్రోజన్ ఒక్కటే ఇస్తే అది మందంగా పెరిగిపోతుంది. రొమ్ము క్యాన్సర్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం లాంటివి మీకు ఎప్పుడైనా వచ్చి ఉంటే తప్పకుండా చెప్పండి. హార్మోన్లు వద్దనుకుంటే వెన్లఫాక్సిన్, గాబాపెంటిన్ లాంటివి ఆవిర్లు తగ్గించడానికి వాడతారు, కానీ ఎముకలకి అవి ఏమీ చేయవు. ఎముకల సాంద్రతకి డెక్సా స్కాన్ అడగండి. ఇక కింద పొడిబారడానికి లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీమ్ వేరే, వారంలో రెండు మూడు సార్లు వాడే మాయిశ్చరైజర్ జెల్ వేరే, డైలేటర్‌కి రాసే జెల్ వేరే. మూడింటినీ ఒకటే అనుకుని వాడేవాళ్లు చాలామంది.

తిమ్మిరి. సిస్‌ప్లాటిన్ ఆపేశాక కూడా కొన్ని నెలలు పెరిగి, ఆ తర్వాతే తగ్గడం మొదలవుతుంది, ఇది తెలిసిన విషయమే, మీ జబ్బు ముదురుతోందని కాదు. కానీ ఒకటి చూడండి. పైత్యరసం పీల్చుకునే ఆ పేగు చివరి భాగంలోనే విటమిన్ బీ12 కూడా ఒంటికి పట్టేది. మీకు మోషన్స్, తిమ్మిరి రెండూ ఉన్నాయి కాబట్టి బీ12 పరీక్ష అడగండి, దాంతోపాటు మెగ్నీషియం కూడా, సిస్‌ప్లాటిన్‌కి అది తగ్గుతుంది. అరికాళ్లలో స్పర్శ తక్కువగా ఉన్నప్పుడు వేడినీళ్లలో కాలు పెట్టే ముందు మోచేత్తో చూసుకోండి. మా దగ్గరికి వేడినీళ్ల కాపడం పెట్టుకుని పాదం కాల్చుకున్న ఆవిడ వచ్చారు, ఆమెకు బొబ్బ చూసేదాకా తెలియలేదు.

మూడు నెలలు ఆగకుండా వెంటనే వెళ్లాల్సినవి కూడా చెప్పి ఆపేస్తాను. కొత్తగా రక్తస్రావం, యోని గుండా మూత్రం గానీ మలం గానీ కారడం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం, కడుపు ఉబ్బి వాంతులై గాలి కూడా పోకపోవడం, మూత్రంలో గడ్డలుగా రక్తం. నడుము కింద త్రికాస్థి దగ్గర నొప్పి, నడిస్తే ఎక్కువై కూర్చుంటే తగ్గుతుంటే అది రేడియేషన్ వల్ల ఎముక సన్నగా చిట్లడం కూడా కావచ్చు, అలాంటప్పుడు అందరూ జబ్బు పాకిందేమోనని హడలిపోతారు, ఎమ్మారై తీస్తే తేడా తెలుస్తుంది. ఇంకొకటి, ఏడాది తర్వాత మలంలో రక్తం పడి ఎవరైనా కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేస్తుంటే "నాకు పొత్తికడుపుకి రేడియేషన్ ఇచ్చారు" అని ముందే చెప్పాలి. మలద్వారం పైన పేగు ముందు గోడ నుంచి ముక్క తీస్తే అక్కడ పుండు మానకుండా రంధ్రం పడే ప్రమాదం ఉంది. చాలామంది చెప్పరు, వేరే డాక్టర్ కదా అని.


ఆవిడ_భర్త

నేను పేషెంట్‌ని కాదు. మా ఆవిడకి రెండేళ్ల కిందట ఇదే ట్రీట్‌మెంట్ జరిగింది. మీరు రాసిన ఒక్క వాక్యం చూసి రాస్తున్నాను, మంచానికి ఆ చివర అని. నేనూ ఆ చివరే పడుకున్నాను, ఎనిమిది నెలలు.

మీవారి మనసులో ఏముందో నాకు తెలియదు, నా మనసులో ఉన్నది చెబుతాను. మొదటిది, ముట్టుకుంటే నొప్పి పుడుతుందని భయం. ఆ బ్రాకీథెరపీ గది నుంచి ఆమెను బయటికి తెచ్చినప్పుడు ముఖం చూశాను, దాని తర్వాత నా చేయి వేయాలంటే నాకే తప్పుగా అనిపించేది. రెండోది, ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం, ఆమె ఒంట్లో రేడియేషన్ ఇంకా ఉందేమో, నాకు తగులుతుందేమో అనుకున్నాను. చదువుకున్నవాణ్ణే. ఎవరినీ అడగలేదు. తర్వాత తెలిసింది, బయటి రేడియేషన్ మెషిన్ ఆపగానే అయిపోతుంది, లోపలి రేడియేషన్‌లో కూడా ప్రతిసారీ అయిపోగానే ఆ పదార్థం గొట్టాల్లోంచి బయటికి వెనక్కి వచ్చేస్తుంది, తర్వాత గొట్టాలు తీసేస్తారు, ఒంట్లో ఏమీ మిగలదు. క్యాన్సర్ కూడా ఒకరి నుంచి ఒకరికి అంటదు.

మూడోది ఇంకా కష్టమైనది. ఇది హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తుందని, అది శృంగారం ద్వారా సోకుతుందని ఇంటర్నెట్‌లో చదివి నా వల్లేనా, లేక ఇంకేమైనానా అని రాత్రుళ్లు నలిగిపోయాను. ఆమె కూడా లోపల్లోపల అదే ఆలోచిస్తోందట. ఒకరినొకరు అడగకుండా ఇద్దరం ఒకే విషయానికి ఏడ్చాం. చివరికి డాక్టర్‌ని అడిగితే చెప్పారు, శృంగారంలో పాల్గొనే దాదాపు అందరికీ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది, ఎక్కువమందిలో దానంతటదే పోతుంది, కొందరిలో ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉండిపోతుంది, ఎప్పుడు ఎవరి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు, నమ్మకద్రోహానికి అది రుజువు కాదు అని. ఆ రోజు ఆసుపత్రి బయట మెట్ల మీద కూర్చుని మొదటిసారి మాట్లాడుకున్నాం.

మీరే మొదలుపెట్టండి. "దగ్గరికి రావద్దని కాదు, నొప్పికి భయం, ఊరికే పక్కన పడుకో" అంటే చాలు. మేము మూడు నెలలు అంతకు మించి ఏమీ చేయలేదు. డైలేటర్ వాడుతున్నప్పుడు నేను గది బయట ఉండేవాణ్ణి, తర్వాత ఆమే లోపలికి రమ్మంది, టైమ్ చూసి చెప్పడం నా పని. ఇప్పుడు బాగానే ఉన్నాం. మునుపటిలా కాదు, వేరేలా. జెల్ లేకుండా కుదరదు, కొన్నిసార్లు మధ్యలో ఆపేయాల్సి వస్తుంది, ఆపేస్తాం.


వాచిన_కాలు

నాది వేరే కేసు, ఆపరేషన్ చేసి గర్భసంచితో పాటు లింఫ్ గ్రంథులు తీసేశారు. ఎవరైనా అలాంటివాళ్లు ఈ పోస్టు చదువుతుంటే వాళ్ల కోసం రెండు ముక్కలు.

ఏడాదిన్నర తర్వాత ఎడమ కాలు బరువుగా అనిపించింది. సాయంత్రానికి చెప్పు పట్టీ అచ్చు పడేది, పొద్దున్నకి పోయేది, అందుకే పట్టించుకోలేదు. అది లింఫెడిమా, అంటే లింఫ్ గ్రంథులు తీసేయడం వల్ల ద్రవం కాలిలో నిలిచిపోయి వచ్చే వాపు, మొదలవడం. మొదట్లోనే పట్టుకుంటే ప్రెషర్ సాక్స్, ఫిజియోథెరపిస్ట్ నేర్పే మసాజ్, నడక, వీటితో అదుపులో ఉంటుంది, నాలా ఆలస్యం చేస్తే గట్టిపడిపోతుంది. అయితే కొత్తగా వాచినప్పుడు రక్తం గడ్డకట్టడం వల్ల కాదని, జబ్బు తిరగబెట్టడం వల్ల కాదని ముందు తేల్చుకున్నాకే సాక్స్ వేసుకోవాలి. ఆ కాలికి చిన్న గీత కూడా పడనివ్వకండి, చెప్పులు లేకుండా తిరగకండి. ఎర్రగా వేడిగా అయ్యి జ్వరం వస్తే ఇన్‌ఫెక్షన్, తెల్లారేదాకా ఆగకుండా వెళ్లి యాంటీబయాటిక్ తీసుకోవాలి.

ఇంకో సంగతి, పెద్ద ఆపరేషన్‌లో మూత్రాశయం నరాలు కొంత దెబ్బతినవచ్చు. నాకు నిండినట్టే తెలియదు. మూడు గంటలకోసారి ఫోన్‌లో అలారం పెట్టుకుని వెళ్తాను, వచ్చినా రాకపోయినా.


నిద్రపట్టని_రాత్రి

ఇవన్నీ నాలుగైదు సార్లు చదివాను. అందరికీ విడివిడిగా జవాబు రాయలేకపోతున్నాను, క్షమించండి. మూడు వారాలైంది కాబట్టి ఏం జరిగిందో చెబుతాను.

అక్క చెప్పినట్టు పది రోజులు పుస్తకంలో రాశాను. మూడు నెలలు ఆగకుండా ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. మా ఆయన్ని, మరిదిని బయట కూర్చోమన్నాను. మరిది మొహం చిన్నబుచ్చుకున్నాడు, మా ఆయన మాత్రం ఏమీ అనలేదు. డాక్టర్ గారికి పుస్తకం ఇచ్చాను. ఆయన పేజీలు తిప్పుతూ ఒక చోట ఆగి "ఇది మొన్న ఎందుకు చెప్పలేదమ్మా" అన్నారు, కోపంగా కాదు. నాకు జవాబు రాలేదు, ఏడుపొచ్చింది. గ్యాస్ట్రో డాక్టర్‌కి రాశారు, ఆ పొడి మొదలుపెట్టి ఆరు రోజులైంది, నిన్న మూడుసార్లే. బీ12 తక్కువే ఉందట, ఇంజెక్షన్లు వేస్తున్నారు. నాది స్క్వామస్ రకమే, చర్మానికి అంటించుకునే హార్మోన్ ప్యాచ్, మాత్ర రెండూ రాశారు, ఇంకా ఆవిర్లు తగ్గలేదు, కొన్ని వారాలు పడుతుందన్నారు. డెక్సా వచ్చే వారం.

లోపల పరీక్ష చేశారు. పైభాగంలో కొద్దిగా అతుక్కుందట, మెల్లగా వేలితోనే విడదీశారు, నొప్పి వేసింది కానీ నేను అనుకున్నంత కాదు. అక్కడి నర్సు కర్టెన్ వేసి కూర్చుని అంతా చూపించింది, అద్దం కూడా ఇచ్చింది. నా వయసు 39, నా శరీరాన్ని నేను అద్దంలో చూసుకోవడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చి సంచి దుప్పట్ల వెనక నుంచి తీశాను. చిన్నది లోపలికి వెళ్లింది, నాలుగు నిమిషాలు. ఒకసారి ఆగి మళ్లీ. సన్నటి చార వచ్చింది, అక్క చెప్పి ఉండకపోతే ఆ రాత్రే ఆసుపత్రికి పరిగెత్తేదాన్ని.

మా ఆయనతో ఇంకా పూర్తిగా మాట్లాడలేదు. ఆ అన్నయ్య రాసిన పోస్టు మాత్రం ఫోన్‌లో తెరిచి చేతికిచ్చాను. చదివి చాలాసేపు ఏమీ అనలేదు. "మెషిన్ ఆపేస్తే అయిపోతుందా?" అని అడిగాడు. అవునన్నాను.

ఒక సందేహం. ప్యాచ్ పొట్ట మీద వేసుకోమన్నారు, రేడియేషన్ పడిన చోట చర్మం ఇంకా నల్లగా, పొడిగా ఉంది. అక్కడ వేయవచ్చా?


రేడియేషన్_వార్డు_నర్సు

ఆ చర్మం మీద వద్దమ్మా, జిగురు తీసేటప్పుడు లేచిపోతుంది. పిరుదు పైభాగంలో రేడియేషన్ పడని చోట వేసుకోండి, ప్రతిసారీ చోటు మార్చండి. రొమ్ముల మీద మాత్రం ఎప్పుడూ వేయకూడదు. మీ ప్యాచ్ డబ్బాలో కాగితం మీద ఎక్కడెక్కడ వేయవచ్చో బొమ్మ ఉంటుంది, అది ఒకసారి చూడండి.


ఆరేళ్ల_కిందటి_పేషెంట్

నాలుగు నిమిషాలు చాలు చెల్లీ, ఈ వారానికి. పుస్తకం రాయడం ఆపకు, పొడి మోతాదు సరిచేయడానికి మళ్లీ అదే అడుగుతారు. డెక్సా రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టు, నాది కూడా తీసి చూస్తాను.